వేలు పడలేదు

నేను బీకాం పాసై ఐదేళ్లయింది. ఈ ఐదేళ్లలో నర్సీపట్నంలో ఎన్ని జాబ్ మేళాలు పెట్టారో అన్నిటికీ వెళ్లాను. ప్రతిసారీ అదే షామియానా, అవే ఉపన్యాసాలు, చివరికి అదే ప్రశ్న: "ఎక్స్‌పీరియన్స్ ఉందా?" ఎవరూ ఉద్యోగం ఇవ్వకపోతే అనుభవం ఎక్కడ దొరుకుతుందో చెప్పిన మహానుభావుడు ఒక్కడూ లేడు.

నాకు అనుభవం లేకపోలేదు. నాతవరం వైపు మా ఊరి చివర జీడిపిక్కల షెడ్డు ఉంది. అక్కడ మా అమ్మ దేవుడమ్మ పక్కన కూర్చుని పిక్కలు కొడతాను. పిక్క పగిలినప్పుడు పెంకులోంచి చిమ్మే జీడి రసం చర్మాన్ని తినేస్తుంది. అందుకే చేతులకు ఆముదం రాసి, పైన బూడిద అద్దుకుంటాం. యజమాని మంగరాజు గారు గ్లౌజులు ఇవ్వలేదని అబద్ధం ఆడను. ఇచ్చారు. అవి తొడుక్కుంటే చెయ్యి ఆడదు, పప్పు ముక్కలవుతుంది. మాది కిలోల లెక్క పని. వారం తిరక్కుండా అందరం వాటిని గోడ మేకుకు తగిలించేశాం.

జూలై మేళాలో నా పంట పండింది. నక్కపల్లి దగ్గర ఓ కంపెనీ, ప్యాకింగ్ సెక్షన్, రానూపోనూ బస్సు. "ఎక్స్‌పీరియన్స్ అక్కర్లేదండి" అన్నాడు టేబుల్ వెనకున్న గోపీకృష్ణ. మెడలో ట్యాగు మీద పేరు చదివి మనసులోనే దండం పెట్టుకున్నాను.

"ఇక్కడ వేలు పెట్టండి. ఆధార్ వెరిఫై అయితే సోమవారం నుంచి డ్యూటీ."

పెట్టాను. ఎర్ర లైటు. ఇంకో వేలు, మళ్లీ ఎర్ర లైటు. చేతులు కడుక్కొచ్చాను, వేలిని జుట్టుకి రుద్దాను, వేడి టీ గ్లాసు పట్టుకుని మరీ పెట్టాను. పది వేళ్లూ అయిపోయాయి. నా వెనక లైనులో వాళ్లు గొణగడం మొదలుపెట్టారు.

"ఏం పని చేస్తారండీ మీరు?"

"జీడిపిక్కలు కొడతానండి."

అతను నా చేతిని వెలుగులోకి తిప్పి చూశాడు. వేళ్ల కొసలు చింతగింజల్లా నున్నగా ఉన్నాయి, ఒక్క గీత లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ ఆ పూజారి, గుప్పెట్లో పట్టే ఈ వేలిముద్రల డబ్బా.

"ఓ ఇరవై రోజులు పని మానేస్తే గీతలు వచ్చేస్తాయండి. ఒక్క వేలు పడినా చాలు. నెలాఖరుదాకా మీ పేరు ఉంచుతాను. ఇక్కడి మా ఆఫీసుకే రండి" అన్నాడు.

అంటే ఉద్యోగం రావాలంటే పని మానాలి! ఈ మాట ఎవరితో అనుకుని ఏడవాలో తెలియలేదు. ఇంటికొచ్చి అమ్మ మీద అరిచాను.

"మానీయే. నీ వంతు కూడా నానే కొడతాను" అంది అమ్మ.

"నీ సేతులేటవుతాయే?"

"నా యేళ్లెప్పుడో పోయినాయి. రేసన్ కాడ మీ నాన్న యేలే కదా పడతంది. ఇంక పోడానికేటుంది?"

ఇరవై రోజులు కొబ్బరినూనె రాసుకుంటూ అరుగు మీద కూర్చున్నాను. అమ్మ నన్ను గిన్నె కూడా తోమనివ్వలేదు. "ఏటే రోజా, కాళీగా కూకున్నావు?" అని ఎదురింటి రామాయమ్మత్త రోజూ అడిగేది. "యేళ్లు పెంచుతన్నానత్తా" అనేదాన్ని. ఆవిడ నవ్వేది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయేది. ఇద్దరి పనీ ఒక్కతే చేసి వచ్చిన అమ్మ, చేతులు పొక్కిపోయి, అన్నం కలుపుకోలేక చెంచాతో తినేది. సిగ్గేసి నేను గోడవైపు తిరిగి తినేదాన్ని.

నెలాఖరుకి ఇంకా రెండు రోజులుందనగా ఆఫీసుకి వెళ్లాను. కుడి బొటనవేలు పెట్టగానే పచ్చ లైటు వెలిగింది. "పడిందండీ!" అని అరిచేశాను. గోపీకృష్ణ మొహంలో మాత్రం ఏ సంతోషమూ లేదు.

"పడిందండి. కానీ పైవాళ్లు మొన్ననే బ్యాచ్ నింపేశారు. నేను చెప్పి చూశాను, వినలేదు. వచ్చే బ్యాచ్‌లో మీ పేరే ముందు పెడతాను. ఎప్పుడు పిలిచినా వేలు మాత్రం పడాలి, జాగ్రత్తగా చూసుకోండి."

"ఎప్పుడు పిలుస్తారండీ?"

"రెండు నెలలు పట్టొచ్చు, ఆరు పట్టొచ్చు."

"ఆర్నెల్లు ఈ యేళ్లకి కూడెవులు పెడతారండీ?"

అతను తల దించుకుని, తన మంచినీళ్ల సీసా నా వైపు జరిపాడు. పాపం, అతని ఉద్యోగం కూడా కాంట్రాక్టుదేనట. నీళ్లు తాగకుండా షేర్ ఆటో ఎక్కేశాను.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకి వెళ్లాను. పీట మీద కూర్చోబోతుంటే అమ్మ నా చెయ్యి పట్టి ఆపింది. పాత చీర పీలిక చింపి నా కుడి బొటనవేలికి చుట్టింది. దాని మీద పాలకవరు తొడిగి, నీళ్లు కూడా దూరకుండా దారంతో బిగించింది. పిక్క పట్టాల్సింది ఆ వేలితోనే. అది లేకుండా మొదటి పిక్క మూడుసార్లు జారిపోయింది.

తూకం దగ్గర నుంచి మంగరాజు గారు చూశారు.

"ఏటమ్మా ఆ కట్టు? తెగిందేటి?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ, తలెత్తకుండా పిక్క కొడుతూ జవాబిచ్చింది.

"నేదు బాబూ. ఆ యేలు కంపినీది. మిగతా తొమ్మిదీ మీయే."