హిందీ పుస్తకంలో అరిచిన అమ్మ

తమిళనాడులో మొరప్పూర్ అవతలి పల్లెలో, దళితుల కాలనీలో ఉండే మణిమేగలై పేర పోస్టులో ఒక హిందీ పుస్తకం వచ్చింది. అందులో ఉన్నది తన కథే. నిరుడు ఢిల్లీ నుంచి ఒకావిడ వచ్చి, కూతురు మోనిషా చేత బడిలో కక్కూసులు కడిగిస్తున్న సంగతి అడిగి రాసుకుపోయింది. మీలాంటివాళ్ళ గొంతు నలుగురికీ వినపడాలి అంది. మణిమేగలై చదువు ఎనిమిదితోనే ఆగింది. ఇంట్లో మాట తెలుగే అయినా, బడిలో వచ్చింది అరవం అక్షరాలు. హిందీ ఎవరికొస్తుంది?

ఆదివారం పక్కింటి పాపక్క, ఇల్లు కట్టే పనికొచ్చిన బీహారు మేస్త్రీని వెంటబెట్టుకొచ్చింది. అతను వచ్చీరాని అరవంలో చదివి చెప్పాడు.

"ఈ అమ్మ బడికి పోయింది. చీపురు తెచ్చి హెడ్మాస్టర్ బల్ల మీద పడేసింది. నా బిడ్డ చదువుకోను వచ్చింది, నీ కక్కూసు కడగను కాదు అని అరిచింది."

"ఏమే మణీ, నీకింత నోరుందా? పిల్లిని అదిలించను కూడా జంకుతావు గదే!" పాపక్క పడీపడీ నవ్వింది.

మణిమేగలై చెప్పింది అది కాదు. బడిలో పేరు కొట్టేస్తారేమోనని, "రెండు బకెట్ల నీళ్ళే గదా, కడిగేసి రా" అని బిడ్డకు తానే చెప్పానని ఆ ఢిల్లీ ఆవిడ ముందు ఏడ్చింది. ఆ ముక్క పుస్తకంలో లేదు.

"నిజంగా అరిచినావామ్మా? నేను జరమొచ్చి పండుకుంటినే, ఆ పొద్దు పోతివా?" ఏడేళ్ళ మోనిషా కళ్ళు మెరిశాయి.

లేదనడానికి తల్లి నోరు తెరిచింది. బిడ్డ తనవైపు ఎప్పుడూ అలా చూడలేదు. మాట మింగేసింది.

మర్నాడు పది గంటలకే బడి నుంచి కబురు. మణిమేగలై వెళ్ళేసరికి వరండాలో మోనిషా చేతులు కట్టుకుని నిలబడి ఉంది. పరుగున వచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది. హెడ్మాస్టర్ కోపంగా లేడు. అందుకే ఇంకా భయమేసింది.

"ఏమ్మా, నీ కూతురు కడగనంటోంది. మా అమ్మ వచ్చి అరుస్తుంది అంటోంది. ఏదీ, అరిచి చూపించు, విందాం."

కిటికీలోంచి టీచరమ్మలు కిసుక్కున నవ్వారు. మోనిషా తల్లి నోటివంకే చూస్తోంది.

మేస్త్రీ చదివినప్పటి నుంచీ ఆ మాటలే మనసులో వల్లె వేసుకుంటోంది మణిమేగలై. తీరా నాలుక తిరగలేదు. ఈ బడి పోతే ఇంకో బడికి రెండు బస్సులు మారాలి. కూలి మానుకుని ఎవరు తీసుకుపోతారు?

"చిన్నపిల్ల సార్. తెలీక అనింది."

"అయితే?"

"కడుగుతుంది సార్."

మోనిషా ఏడవలేదు. చెయ్యి విడిపించుకుని కొళాయి వైపు నడిచింది. తల్లి వెనకాలే ఉరికింది.

"నువ్వు క్లాసుకు పో కన్నా, నేను కడుగుతాను."

"వద్దు. మీరు ఇంటికి పోండి," అంది పిల్ల, తిరిగి చూడకుండా. ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడని పిల్ల, ఆ మాట టీచరమ్మలతో మాట్లాడే అరవంలో అంది.