సుడితొట్టి దగ్గర వదిన

లాంబ్రోస్ తూము పలకను రెండు చేతులా పైకి లాగాడు. కొండ నీళ్లు చెక్క దోనెలోంచి దూకి తొట్టిలో పడ్డాయి. అందులో ఉన్న బొచ్చు కంబళి ఓసారి మునిగి, తేలి, గిరగిరా తిరగసాగింది. సబ్బు లేదు, బండకేసి బాదడం లేదు. ఆ సుడే ఉతుకుతుంది, ఆ సుడే బొచ్చు లేపుతుంది. రేపు సిలువ పండుగ, వేసవికి ముగింపు. పండుగ వెళ్లగానే తొట్టి మూసేస్తారు, సగం ఊరు చలికి జడిసి మైదానానికి దిగిపోతుంది. ఈ ఏటికి ఇదే ఆఖరి కంబళి. అది వదిన ఎవాంథియాది, చనిపోయిన అన్నతో ఆమె పెళ్లినాటిది.

లాంబ్రోస్ పొట్టి మనిషి. నీళ్లలో నాని నాని వేళ్లు తెల్లగా ముడతలు పడ్డాయి. కొక్కెం కర్ర మోసి మోసి ఎడమ భుజం కిందికి జారింది. పెళ్లి చేసుకోలేదు. ఊళ్లో ప్రతి ఇంటి కంబళీ అతని చేతిలో పడ్డదే కానీ, తను కప్పుకునేది మాత్రం ఎప్పుడో సైన్యంలో ఇచ్చిన దుప్పటి.

తొట్టి పనంతా చెవుల్లో ఉంటుంది. బొచ్చు విచ్చుకునేదాకా నీళ్లు గలగలమంటాయి. విచ్చుకోగానే కంబళి నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, చప్పుడు బొంగురుపోతుంది. అప్పుడు తీసెయ్యాలి. ఆలస్యమైతే ఉన్ని చిక్కుపడి అట్టకడుతుంది, ఇక దాన్ని దేవుడు కూడా విడదీయలేడు. ఆ చప్పుడు లాంబ్రోస్‌కి పోయిన చలికాలం నుంచీ వినపడటం లేదు. నీళ్లే కాదు, చర్చి గంట కూడా. ఊరికి తెలిస్తే తొట్టికి తాళం వేసి, వచ్చేపోయేవాళ్లకు చూపించే వింత వస్తువు చేస్తారని అతని భయం. తొట్టి పోతే పొద్దున లేచి ఎక్కడికెళ్లాలి? అందుకే ఎవరు పలకరించినా మొహం చిట్లించి తల తిప్పుకునేవాడు. చెవిటివాడనిపించుకోవడం కంటే పొగరుబోతు అనిపించుకోవడమే నయం.

మరి ఈ వేసవిలో ఒక్క కంబళీ ఎందుకు పాడవలేదంటే, అతనికో చిట్కా దొరికింది. ఎవాంథియా రోజూ అల్లిక పట్టుకొచ్చి ఎదుటి రాతి అరుగుమీద కూర్చునేది. ఆమె ఉన్ని చుట్టేసి లేచే వేళకీ కంబళి తయారయ్యే వేళకీ ఎందుకో సరిపోయేది. వంటకి లేస్తోంది కాబోలు అనుకున్నాడు. కలిసొచ్చేదాన్ని ఎందుకని అడగకూడదు.

ఇవాళా ఆమె వచ్చింది. కూర్చోకముందే ఉన్నిపోగు అతని తలచుట్టూ తిప్పింది.

"నా తలతో నీకేం పని వదినా?"

"టోపీకి కొలత. ఇంత గుమ్మడికాయకి ఎంత ఉన్ని పడుతుందో ఏమో!" ఎప్పటిలాగే అతనికి ఎదురుగా నిలబడి, నోరు బాగా తెరిచి మాట్లాడింది. ఆమె మాటలు అతను పెదవుల్లోనే చదువుకునేవాడు. "చెవులు కూడా కప్పేలా అల్లనా?"

"నా చెవులకేం? బాగానే ఉన్నాయి."

"నాకు తెలీదూ? పాముచెవులు నీవి. వాటికి చలి తగలకూడదు కదా మరి." నవ్వి అరుగుమీద కూర్చుంది. "మీ అన్న వదిలేసి పోయినా ఆ కంబళి నన్ను వదల్లేదు. పాడుచేశావో, నీ తోలు వలిచి కప్పుకుంటా!"

నమ్మింది, చాలు అనుకున్నాడు లాంబ్రోస్.

ఎండ ఆక్రోటు చెట్టు దాటింది. రొట్టె, జున్ను తిన్నాడు. కొక్కేనికి కొత్త పిడి చెక్కుతూ మధ్యమధ్య ఆమెవైపు చూశాడు. అల్లిక ఒళ్లో పెట్టుకుని, తల వంచుకుని కూర్చునే ఉంది. అంటే ఇంకా కాలేదన్నమాట. మళ్లీ చూశాడు. ఇంకా లేవలేదు.

అంతలో కాలువలో తెల్లటి పోగులు కొట్టుకుపోతూ కనిపించాయి. కంబళి బొచ్చు. పలక దించి, కొక్కెం వేసి లాగాడు. కంబళి తడిసిన చెక్కలా పైకొచ్చింది.

"వదినా! నిద్రపోతున్నావా? నీ కంబళి చూడు, కొంప ముంచాను!"

ఆమె తల ఎత్తలేదు. దగ్గరికెళ్లి చెయ్యి పట్టుకున్నాడు. వేలికి ఉన్ని చుట్టుకునే ఉంది, వేలు చల్లబడింది.

లాంబ్రోస్ ఆమె పక్కనే కూలబడ్డాడు. పల్చటి కంబళి రోజు ఆమె పెందలాడే లేచేది, మందపాటి కంబళి రోజు పొద్దువాలేదాకా కూర్చునేది. ఎవరి వంటైనా కంబళిని బట్టి ఉడుకుతుందా? వేసవంతా ఊరివాళ్ల కంబళ్లకు కాపలా కాయాల్సిన ఖర్మ ఆమెకేంటి? ఈ మాట ముందే తట్టనందుకు నోరు నొక్కుకుని ఏడ్చాడు.

ఆ దారిన వెళ్తున్న కాఫీకొట్టు స్తాథిస్ చూసి పరుగెత్తుకొచ్చాడు. సిలువ గుర్తు వేసుకుని ఏదో అడిగాడు. పెదవులు కదలడమే కనిపించింది. లాంబ్రోస్ ఈసారి మొహం చిట్లించలేదు.

"నాకు వినపడదు స్తాథీ. చాన్నాళ్లయింది. ఇన్నాళ్లూ నా బదులు మా వదిన వింది."

ఇక తొట్టి తనది కాదన్నట్టు, తూము పలక ఊడదీసి అతని చేతిలో పెట్టాడు.

ఆడవాళ్లు వచ్చి ఎవాంథియాను ఇంటికి తీసుకెళ్లారు. లాంబ్రోస్ తలవంచుకుని వాళ్ల వెనకే నడిచాడు. అరుగుమీద బూడిదరంగు ఉన్ని టోపీ మిగిలింది. ఒక చెవి పూర్తయింది, రెండోదానికి సూదులు ఇంకా గుచ్చే ఉన్నాయి.