వెనక కుడి సీటు

చైర్మన్ గారు కారు నడపరు. నడపడం రాక కాదు, ఆ అవసరం వారి జీవితంలోంచి ఎన్నడో సెలవు తీసుకుని వెళ్ళిపోయింది. ఎడమవైపు కూర్చునే డ్రైవరుకు ఐమూలగా ఉండే వెనక కుడి సీటులో ఆయన దశాబ్దాలుగా కొలువుదీరి ఉన్నారు. ఏ రోడ్డు ఎలా ఉందో, ఏ కారు ఎలా పోతోందో, జనం ఎంత తొందరలో ఉన్నారో, సమస్తమూ ఆ సీటు ద్వారానే ఆయన సన్నిధికి చేరేది. కంపెనీలో పుట్టిన ప్రతి కొత్త కారూ అమ్మకానికి వెళ్ళేముందు ఆయన్ను ఆ సీటులో కూర్చోబెట్టుకుని పరీక్షా మైదానం చుట్టూ ఒక ప్రదక్షిణ చేయవలసిందే. సముద్రాన్ని పూడ్చిన ఆ పడమటి తీరపు నేల మీద పనిచేసే ఇంజనీర్లు దాన్ని 'సవారీ' అనేవారు. అనేటప్పుడు గొంతు తగ్గించేవారు.

ఈసారి సవారీ సన్మారుది. కొండశిఖరం పేరు పెట్టుకున్న ఆ కారు, కొండ ఎక్కే ఉద్దేశం ఏ కోశానా లేని మధ్యతరగతి కోసం పుట్టింది. చిన్న కారుకంటే ఎత్తు, పెద్ద కారుకంటే చవక. ఇద్దరు పిల్లలు, ఒక అమ్మమ్మ, డిక్కీలో కిమ్చీ పచ్చడి డబ్బాలు, నెత్తిన సామాను పెట్టె, ఇంత సంసారాన్నీ మోయడం దాని విధి. ఖర్చు తగ్గించడానికి వెనక చక్రాలు రెంటినీ ఒకే ఉక్కు దూలానికి బిగించారు. ఒక చక్రం గుంతలో పడితే రెండోది మర్యాదకొద్దీ పరామర్శకు వెళుతుంది. ఒళ్ళు ఎత్తు, ముందు వెనక చక్రాల మధ్య దూరం తక్కువ. ఇలాంటి శరీరం ఒక్కసారిగా పక్కకు తిరిగినప్పుడు తడబడకుండా ఉండాలంటే వెనక షాక్ అబ్సార్బర్లు గట్టిగా ఉండాలి.

ఆ గట్టిదనాన్ని సాధించినవాడు సస్పెన్షన్ బృందం నాయకుడు నామ్ దోక్సిక్. రెండు శీతాకాలాలు దానికే ధారపోశాడు. చివరికి స్టీరింగు తిప్పితే ముక్కు వెళ్ళేది, ముక్కు వెళ్ళిన వెంటనే తోక వెళ్ళేది. అతుకుల రోడ్డు మీద వెనక కూర్చున్నవాళ్ళ నడుముకు చిన్న చిన్న దెబ్బలు తగిలేవి. లోపమంటూ ఉంటే అదొక్కటే.

"ఆ దెబ్బలు చైర్మన్ గారి నడుము ఒప్పుకోదు," అన్నాడు డైరెక్టర్ సొక్, మైదానం బయటి హోటల్లో ఆల్చిప్పల నూడుల్స్ ముందు కూర్చుని. "పోయినసారి పెద్ద కారు ఎక్కి ఆయన 'ఊఁ' అన్నారు. ఆ ఒక్క ఊఁకి ఇద్దరు ఇంజనీర్లు దీవులకి బదిలీ అయిపోయారు."

"నడిపేవాళ్ళ కోసం కదండీ చేశాం," అన్నాడు దోక్సిక్.

"నడిపేవాళ్ళేమైనా నీకు ప్రమోషన్ ఇస్తారా?"

వాళ్ళ ఎదుట కూర్చుని ఆల్చిప్పను శబ్దం చేస్తూ జుర్రుకున్నవాడు బాంగ్ ఛోల్‌వూ, మైదానపు ప్రధాన పరీక్షకుడు. ఇంజనీరింగ్ కాలేజీలో దోక్సిక్‌కు సీనియర్. ఆ దేశంలో ఆ బంధుత్వం పెళ్ళికంటే గట్టిది, దానికి విడాకులు కూడా లేవు. వినయం బాంగ్ దరిదాపులకు కూడా రాలేదు. తన పిరుదులను కంపెనీ ఆస్తుల కింద జమ కట్టి బీమా చేయించాలని ఆయన ప్రతి విందులోనూ తీర్మానం ప్రవేశపెట్టేవాడు. ఎందుకంటే సెన్సర్లు పసిగట్టలేని వణుకును అవి పసిగట్టేవి, లేదా అలా అని ఆయన చెప్పేవాడు.

"దీనికింత ఏడుపెందుకురా," అన్నాడు బాంగ్. "మెత్తటివి ఇంకో జత చేయించు. సవారీకి అవి బిగిద్దాం. మర్నాడు విప్పేసి మన అసలువి పెట్టేద్దాం. పెళ్ళిచూపులకి పౌడర్ రాసుకోరా ఏంటి? రాత్రికి కడుక్కుంటారు."

డైరెక్టర్ సొక్ ఆ ఉపమానానికి ఎంత ముచ్చటపడ్డాడంటే, నూడుల్స్ ఖర్చు తనే ఇచ్చుకున్నాడు.

సవారీ దివ్యంగా జరిగింది. తెల్ల తొడుగుల చేతులతో బాంగ్ స్టీరింగు పట్టుకున్నాడు. సన్మారు అతుకుల మీద పట్టుపరుపులా జారిపోయింది. ఎక్కడా గట్టిగా తిప్పవలసిన అవసరం రాకుండా, మైదానం చుట్టూ ఉన్న దారి వెడల్పు మొత్తాన్నీ బాంగ్ వాడుకున్నాడు. చైర్మన్ గారికి కునుకు పట్టింది. కారు ఆగాక కళ్ళు తెరిచి, చాలాకాలంగా ఎవరూ వినని మాట అన్నారు.

"బాగుంది. ఇలాగే ఉండనివ్వండి. ఏమీ ముట్టుకోవద్దు."

వరుసగా నిలబడ్డ ఇంజనీర్లందరూ నడుములు వంచారు. వంచిన తలల కింద దోక్సిక్, బాంగ్ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఇప్పుడెలా?" అని దోక్సిక్ డైరెక్టర్‌ను ఆయన గదికి వెళ్ళి అడిగాడు. "నలుగురు ఎక్కి, పైన సామాను వేసి, ఒక్కసారి గట్టిగా తిప్పితే ఆ తోక నిలవదండీ."

"అయితే వెళ్ళి చెప్పు. అయ్యా, తమరు కూర్చున్నది వేరే కారు, తమర్ని మోసం చేశాం అని."

"మీరు చెప్పొచ్చుగా."

"నాకు పిల్లలున్నారు."

"నాకూ ఉన్నారండీ."

"అందుకే నువ్వూ చెప్పవు," అన్నాడు సొక్, ఎంతో సానుభూతిగా.

ఆ విధంగా అబద్ధం నిజంగా పదోన్నతి పొందింది. పౌడరే ముఖమైంది. ఇక మిగిలింది పూర్తి బరువుతో ఒక పరీక్ష: ఎదురుగా అడ్డం వచ్చిన దాన్ని తప్పించుకోవడానికి కారును ఒక్కసారిగా పక్కకు తిప్పి, మళ్ళీ దారిలోకి తేవడం. దాని మీద బాంగ్ ఆశ పెట్టుకున్నాడు.

"మనం నోరు విప్పక్కర్లేదురా. కారే చెప్తుంది," అన్నాడు హెల్మెట్ పెట్టుకుంటూ. "దారి గుర్తుగా పెట్టిన కోన్లు నాలుగు గుద్దేస్తాను. పరీక్ష పోయిందని రాస్తారు. పరీక్ష పోయిన కారుని చైర్మన్ గారు కూడా అమ్మలేరు. అప్పుడు మార్చక తప్పదు."

"అన్నా, మరీ జోరుగా వద్దు."

"జోరా? నా పిరుదులు ఏమంటే అది."

నిర్ణీత వేగంలో సన్మారు తడబడింది, కాని గుర్తులను తాకలేదు. బాంగ్ సహజ నైపుణ్యమే ఆయనకు శత్రువై, పడబోయిన కారును ఆయన చేతులు వాటంతట అవే నిలబెట్టేశాయి. బాంగ్‌కు అది అవమానంగా తోచింది. తరవాతి పరుగులో వేగం పెంచాడు. ముక్కు వెళ్ళింది. తోక కాసేపు ఆలోచించి, ఆలస్యానికి పరిహారంగా అవసరానికి మించి వచ్చింది. మళ్ళీ వెనక్కి ఊగింది. దారి అంచున మెత్తటి మట్టిలో చక్రం దిగబడింది. అంత ఎత్తైన ఒళ్ళు ఇక నిలబడలేదు. దొర్లింది.

మైదానం గోడ దగ్గర నిలబడిన దోక్సిక్‌కు పరుగెత్తినట్టు గుర్తుంది. చేరుకున్నట్టు గుర్తులేదు.

ఆసుపత్రిలో బాంగ్ ప్రాణంతోనే ఉన్నాడు. నడుము కిందికి కబురు వెళ్ళడం మానేసింది. కంపెనీ బీమా చేయించి ఉండవలసిన ఆ ఆస్తి అలా మూగబోయింది. విచారణకు వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక ఆయన దోక్సిక్‌ను దగ్గరికి పిలిచాడు.

"తప్పు నాదేనని చెప్పేశాను. నిర్ణీత వేగం దాటానని. దాటాను కూడా."

"అన్నా..."

"నోర్ముయ్. నేను తప్పు కారుదని చెప్తే నీ పేరు, సొక్ పేరు, ఆ పౌడర్ కథంతా బయటికొస్తుంది. కంపెనీ నా వైద్యం చూసుకుంటానంది. నువ్వొక్క పని చెయ్. ఆ షాకులు మార్చెయ్. చప్పుడు చెయ్యకుండా, ఏదో చిన్న సవరణ అని పేరు పెట్టి. మారుస్తావా?"

"మారుస్తాను అన్నా."

దోక్సిక్ నిజంగానే వెళ్ళాడు. డైరెక్టర్ సొక్ సావధానంగా విన్నాడు.

"తప్పు డ్రైవరుదని తేలింది. అంటే కారులో తప్పు లేదు. తప్పు లేని కారుని ఎందుకు మారుస్తున్నావని అడుగుతారు. ఏం చెప్తావ్? ఇప్పుడు మారిస్తే బాంగ్ అబద్ధమాడాడని మనమే ఒప్పుకున్నట్టు. ఆయన వైద్యం ఆగిపోతుంది. నీకదేనా కావాల్సింది?"

బాంగ్ తన వెన్నెముకతో వేసిన తలుపు అది. దాన్ని తెరవాలంటే ఆయన మీదుగానే నడవాలి. దోక్సిక్ చేయగలిగింది చేశాడు: తోక జారితే కంప్యూటరు మరికాస్త ముందుగా మేలుకొని బ్రేకులు వేసేలా సర్దాడు. ఆసుపత్రికి వెళ్ళి, "మార్చేశాం అన్నా," అన్నాడు. బాంగ్ ఆ రోజు గంజి మొత్తం తాగాడని నర్సు చెప్పింది.

మొదటి సన్మారు ఫ్యాక్టరీలోంచి బయటికి వచ్చిన ఉదయం దాని ముందు బల్ల వేసి, ఉడికించిన పంది తలను పెట్టారు. నవ్వుతున్న తలనే ఏరి తెస్తారు, శుభమని. అందరూ సాష్టాంగపడి ప్రమాదాలు జరగకూడదని మొక్కారు. నాలుగు చక్రాల మీదా మక్గొల్లి కల్లు పోశారు. వెనక చక్రాల వంతు దోక్సిక్‌ది. గిన్నె ఖాళీ అయ్యేదాకా పోస్తూనే ఉన్నాడు, కొంత బూట్ల మీద పడింది. భక్తి ఎక్కువని పక్కవాడు మెచ్చుకున్నాడు.

బాంగ్‌ను ఆసుపత్రి నుంచి ఇంటికి పంపే రోజు వచ్చింది. కంపెనీ ఉదారంగా ఒక సన్మారును కానుక ఇచ్చింది. నడపలేనివాడికి కారు ఇవ్వడంలోని ఔచిత్యాన్ని ఎవరూ చర్చించలేదు. చక్రాల కుర్చీ నుంచి ఎక్కించడానికి వీలని ఆయన్ను వెనక కుడి సీటులో కూర్చోబెట్టారు. దోక్సిక్ స్టీరింగు ముందు కూర్చున్నాడు.

"పోనివ్వవోయ్ డ్రైవర్," అన్నాడు బాంగ్, చైర్మన్ గారి గొంతులో. ఇద్దరూ నవ్వారు. హైవే ఎక్కేదాకా ఆ నవ్వు సాగింది.

సముద్రపు వంతెన దాటాక ముందున్న లారీ నుంచి ఒక స్టైరోఫోమ్ చేపల పెట్టె ఊడి దారి మధ్యలో పడింది. దోక్సిక్ చేతులు ఆలోచించకుండా తిప్పాయి. ముక్కు వెళ్ళింది. తోక ఆగింది, ఆలోచించింది, వచ్చింది. కింద ఎక్కడో కంప్యూటరు గరగరమని బ్రేకులు కొరికి, కారును బలవంతంగా దారిలో నిలబెట్టింది.



"మార్చలేదు," అన్నాడు బాంగ్.

దోక్సిక్ అద్దంలోకి చూడలేదు.

"నడుం కింద ఏమీ తెలీదురా నాకు. భుజాలకి తెలిసింది."

"కంప్యూటర్ సర్దుతుంది అన్నా."

"ఇద్దరమే ఉన్నాం కాబట్టి సర్దింది. పైన పెట్టె, వెనక ముగ్గురు ఉంటే?"

దోక్సిక్ దగ్గర ఆ ప్రశ్నకు జవాబు ఉంది. రెండు శీతాకాలాల జవాబు.

"మరి నేనెందుకు ఒప్పుకున్నాన్రా తప్పు?" అని అడిగాడు బాంగ్. కోపం లేదు, తెలుసుకోవాలని అడిగినట్టు ఉంది. కాసేపటికి తల వెనక్కి ఆనించాడు. "అతుకులు మాత్రం తెలీడం లేదు. ఈ సీటులోంచి చాలా బాగుంది. ఆ ముసలాయన అబద్ధం చెప్పలేదు."

పక్క వరుసలోంచి మరో సన్మారు వాళ్ళను దాటి, వాళ్ళ ముందుకు వచ్చింది. నెత్తిన సామాను పెట్టె. వెనక అద్దానికి ఒక పిల్ల అరచేతులు ఆనించి, బాంగ్‌ను చూసి నాలుక చాపింది. ముందు సీటులో ఒక అవ్వ బత్తాయి ఒలుస్తోంది.

"హారన్ కొట్టు," అన్నాడు బాంగ్. "ఆగమను. దోక్సిక్, హారన్ కొట్టు."

దోక్సిక్ కొట్టాడు. పొడుగ్గా, చెయ్యి తీయకుండా కొట్టాడు.

ముందు కారు నడిపేవాడు మర్యాదస్తుడు. దారికి అడ్డంగా ఉన్నాననుకున్నాడు కాబోలు. క్షమించమన్నట్టు నాలుగు మూలల దీపాలనూ మిణుకుమిణుకుమనిపించి, వేగం పెంచాడు.