పోటీ లేని వైపు

లివర్‌పూల్ రేవు వెనక ఆ వీధిలో ఆడవాళ్ళు పొద్దున్నే గడప కడిగి, మెత్తటి రాయితో తెల్లగా రుద్దుతారు. విన్నీ గడప అయ్యాక వీధి మధ్యకు కూడా వెళ్ళేది. అక్కడ రెండు పార్లమెంటు నియోజకవర్గాలను విడదీసే తెల్లగీత ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని బ్రష్షుతో తన ఇంటివైపు వేలెడు తోసేది. మధ్యాహ్నం ఎదురింటి నుంచి చెల్లెలు డీలియా వచ్చి, అదే వేలెడు వెనక్కి తోసేది. పదిహేనేళ్ళుగా ఇదే తంతు. బీటు పోలీసు తడి గీతను తొక్కకుండా దాటిపోయేవాడు.

విన్నీ ఏడుపంతా ఓటు గురించే. ఆమె వైపు ఎప్పుడూ ఒక్కడే నిలబడేవాడు, పోటీ లేకుండా గెలిచేవాడు. ఇక ఆమె తలుపు తట్టే అవసరం ఎవరికి? చెల్లెలి గుమ్మానికి మాత్రం ఎన్నికలప్పుడల్లా టోపీలు తీసి చేతబట్టుకుని మరీ వచ్చేవాళ్ళు.

"నిన్న ముగ్గురొచ్చారే అక్కా. ఒకడైతే నా చెయ్యి వదిలితేనా."

"చేతికి జామ్ అంటుకుని ఉంటుందిలే," అనేది విన్నీ. లోపలికొచ్చాక ఆమెకు టీ కూడా సహించేది కాదు.

ఇంతలో నగరపాలక సంఘం విన్నీ వైపు పాత ఇళ్ళు కూల్చడం మొదలుపెట్టింది. జనాన్ని ఊరి బయటి ఫ్లాట్లకు తరలించారు. మిగిలిన గుప్పెడు ఓటర్లకు నియోజకవర్గం దండగని దాన్నీ ఎత్తేస్తామన్నారు. గీత దాకా కూల్చేస్తారట. ఇల్లు వదిలేలోగా ఒక్కసారైనా ఎవరో ఒకరు తన తలుపు తట్టి ఓటడగాలి, అంతే విన్నీ కోరిక.

ఎన్నికలు ప్రకటించగానే డీలియాకు భుజం పట్టేసింది. తోయడానికి రాలేదు. అడ్డు లేకపోయేసరికి గీతకు కాళ్ళొచ్చాయి. పది రోజుల్లో విన్నీ గడపెక్కి, వంటగది దాటి, పెరటి గోడ అవతలికి పోయింది.

శనివారం తలుపు చప్పుడైంది. "మీ ఓటు నాకే వెయ్యాలమ్మా," అన్నాడు టోపీ తీసిన మనిషి. ఎదురింటి కిటికీలో తెర కదిలేదాకా విన్నీ అతని చెయ్యి వదల్లేదు.

ఓట్లయిన వారం కూల్చేవాళ్ళు వచ్చారు. పెరటి గోడ దాకా కూల్చి, గీత చూసి, పారలు సర్దుకుని వెళ్ళిపోయారు. విన్నీ ఇల్లు నిలబడింది.

చెల్లెలి దగ్గర గొప్పలు పోదామని విన్నీ వీధి దాటింది. డీలియా పెరట్లో రెండు చేతులా కర్ర పట్టుకుని తివాచీ దులుపుతోంది.

"భుజం పట్టేసిందన్నావు కదే?"

డీలియా దులపడం ఆపలేదు. "నువ్వూ వెళ్ళిపోతే, ఇక్కడ నన్ను చూసి ఏడ్చేదెవరే అక్కా?"

విన్నీ తివాచీ అంచు వేళ్ళతో నలిపి చూసింది.

"తివాచీ కొత్తదా?" అంది.