ఆవ పెట్టిన ఆనపకాయ

నూరిన ఆవముద్దను బొడ్డమ్మ మూడోసారి నాలుక చివర పెట్టుకుంది. ముక్కుదూలం దాకా మండింది. మరో నాలుగు చుక్కలు నిమ్మరసం పిండి పొత్రం తిప్పింది. పొయ్యి పక్కన చిల్లుల గిన్నెలో ఉడికించి వార్చిన ఆనపకాయ ముక్కలు పొగలు కక్కుతున్నాయి. ఏడింటికి కార్ఖానాకు తీసుకెళ్ళే పలాస ఆటో వస్తుంది. ఆలోగా కూర తేలాలి.

ఈ కూరకు ముందు చాలా కూరలు మునిగాయి. ఎండుమిరప మాడ్చి వేస్తే మొగుడు పోలారావు దగ్గాడు. వాము వేస్తే మందులా ఉందన్నాడు. జీడిమామిడి పండు రసం పోస్తే గొంతు పట్టేసింది. ఒకసారి పారబోసిన కూరకు మేక కూడా మూతి తిప్పుకుంది.

అతని కిడ్నీలు ముప్పావు వంతు పోయాయని ఆరు నెలల క్రితం డాక్టరు చెప్పాడు. ఉప్పు వద్దు, పప్పు వద్దు, కొబ్బరి వద్దు, బొండాం అసలే వద్దు, ఈ జబ్బులో అది గుండెను ఆపేస్తుంది. కూరగాయలు ఉడికించి ఆ నీళ్ళు పారబోయాలి. తాగేది రోజుకు లీటరే. వద్దన్నవన్నీ చెప్పాడు గానీ మనిషి ఏం పెట్టుకుని నాలుగు ముద్దలు తినాలో చెప్పలేదు. ఆ కోపం బొడ్డమ్మకు ఇంకా చల్లారలేదు.

చెప్పనిది తానే కనిపెట్టాలనుకుంది. మొదటి నెల తన నాలుకకు బాగున్నవన్నీ అతను ఉమ్మేశాడు. తప్పెక్కడుందో అప్పుడు తెలిసింది. తప్పుడు తూకపురాళ్ళతో సరైన తూకం రాదు. ఉప్పు తిన్న నాలుక చప్పిడిని తూచలేదు. ఆ రోజు నుంచి తనూ ఉప్పు మానేసింది.

ఆవముద్ద కలిపి, పసుపు చల్లి కంచం తెచ్చింది. ఒకప్పుడు రోజుకు నలభై కొబ్బరిచెట్లు ఎక్కిన మనిషి, వాచిన కాళ్ళు కిందికి వేలాడేసి మంచం మీద కూర్చున్నాడు.

"ఏటే, ఇయ్యాల ఏ గడ్డి?"

"తిని సెప్పు మావా."

"ఉప్పూ కారం తిన్నోడికి రోసముంటాది. నాకదీ నేకుండా సేసినావు."

"రోసం నాకాడ సాలినంత ఉంది. నీకు పేణం ఉంటే సాలు."

ఒక ముద్ద పెట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముక్కు చీదాడు. రెండో ముద్ద, మూడో ముద్ద తిన్నాడు.

"ఇంకొంచెం ఎయ్యి."

ఆరు నెలల్లో ఆ మాట అదే మొదలు. బొడ్డమ్మ ఇంకో గరిటె వేసింది. మిగిలింది గిన్నెలో మూత పెట్టి, గూట్లోని సీసా చూపించింది. లీటరు సీసాను మేకుతో రెండు గీతలు గీసి మూడు పూటలకు పంచింది. పైగీత దాకా పొద్దుటి వంతు అప్పుడే అయిపోయింది.

"మజ్జానం కిందిగీత దాకే తాగు. దాటినావంటే నా సేతిలో అయిపోతావు."

జీడిపిక్కల కార్ఖానాలో చేతులకు బూడిద రాసుకుని బల్ల ముందు కూర్చుంది. జీడిసొన అంటి వేళ్ళు ఎప్పుడో నల్లబడ్డాయి. పక్క బల్ల కన్నమ్మ వంగి అడిగింది.

"మీ మావ తిన్నాడటే?"

"మళ్ళీ ఎయ్యమన్నాడు."

కన్నమ్మ సుత్తి ఆపేసింది. "మా ఇంటాయనకీ అదే జబ్బని మొన్న సెప్పినారు. ఏలగ సేసినావో సెప్పీ."

"పిడికెడు ఆవాలు, ఒక నిమ్మకాయ. వార్చిన నీళ్ళు ఒక్క సుక్క ఉంచకు. ముందు నువ్వు ఉప్పు మానీ." బొడ్డమ్మ పిక్క మీద ఒక్కటిచ్చింది. "ఏటేటా ఎవులో వచ్చి మన ఊళ్ళో రగతం తీసుకెళ్తారు. ఈ జబ్బు ఎందుకొచ్చిందో సెప్పినోడు ఒక్కడూ నేడు."

రేపు బీరకాయతో చేసి చూడాలనుకుంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి గుమ్మం పక్కన మూడు ఖాళీ బొండాలు పడి ఉన్నాయి. పోలారావు అక్క మంగమ్మ జలంత్రకోట నుంచి వచ్చి, మంచం దగ్గర కూర్చుని తమ్ముడికి విసనకర్రతో విసురుతోంది.

"ఎవులు కొట్టినారివి?"

"నానే. నీ కూర ఊడ్చుకు తిన్నాడు. ఘాటుకి దాహమని అల్లాడిపోనాడు. సీసా ముట్టనేదమ్మా, నీ మాట దాటనేదు. బొండాం నీళ్ళు నీళ్ళ లెక్కేటి?"

"బొండాం వద్దన్నాడు వదినా, డాట్రు! నూరుసార్లు సెప్పినాను!"

"ఆడికేటి తెల్సు? కొబ్బరి ముకం సూడని ఊరోడు. మన ఉద్దానంలో పురిటిబిడ్డకీ అదే, పోయేవోడికీ అదే."

బొడ్డమ్మ ఒక బొండాన్ని కాలితో తన్నింది. అది దొర్లుకుంటూ వాకిట్లోకి పోయింది. వదినను తిట్టబోయిన నోరు సగంలో ఆగింది. దాహం పుట్టించింది తన కూరే.

"కాళ్ళు నేవడం నేదే," అన్నాడు పోలారావు. "గుండె ఒకలాగుంది."

ఆసుపత్రికి బయల్దేరిన ఆటో కాశీబుగ్గ చేరేసరికి రైలు గేటు వేసేశారు. గూడ్సు బండి ఎంతకీ తెమలలేదు. బొడ్డమ్మ గేటువాడిని తిట్టింది, బండిని తిట్టింది, ముందున్న లారీని తిట్టింది. ఆఖరి పెట్టె పోయాక చూస్తే, ఒళ్ళోని పోలారావు తల బరువెక్కి ఉంది.

తెల్లారి వాకిట్లో మంగమ్మ గుండెలు బాదుకుంటోంది. బొడ్డమ్మ వంటింట్లోకి వెళ్ళింది. కూరగిన్నె నాకినంత శుభ్రంగా ఉంది. గూట్లో సీసా అలాగే ఉంది, పైగీత దగ్గర నీళ్ళతో.