బొమ్మల యాప్ అంచనా చదివిన రోజు

ఇలియాజ్ మొదటి ఖర్చు చదవగానే ఆఫీసు మూడో అంతస్తు నుంచి రెండో అంతస్తుకు దిగుతుంది.

కుదుపేమీ ఉండదు. గ్లాసుల్లో టీ తొణకదు. ఇందాక కిటికీలో ఊగుతున్న కొబ్బరి మట్టలు పైకి వెళ్లిపోయి, వాటి చోట ఎదుటి మేడలోని దర్జీ కుట్టు మిషను కనిపిస్తుంది. సువర్చల కుర్చీ కాస్త ముందుకు జరుపుకుని తరవాతిది చదవమంటుంది.

రాజమండ్రిలో పిల్లల కోసం బొమ్మల కథల పత్రిక నడిపిన మనిషి ఆమె. కాగితం ధర తట్టుకోలేక కిందటేడు అచ్చు ఆపేసింది. పాత కథలన్నీ ఫోనులో చదువుకునేలా ఒక యాప్ చేయించాలని అప్పటి నుంచి ఆశ. ఎంతవుతుందో అడగడానికే భయపడి నెలల తరబడి వాయిదా వేసింది. ఆ తెలియని అంకె ఆమె గుండెల మీద కూర్చుని ఉంది. అన్నం తింటున్నా, తల దువ్వుకుంటున్నా దిగదు. చివరికి తెగించి, యాప్‌లు తయారుచేసే ఇలియాజ్‌కి ఇవాళ కబురు పెట్టింది. పక్క కుర్చీలో చిత్రకారుడు తాతబ్బాయి గారున్నారు. పత్రికలో ప్రతి బొమ్మా, బొమ్మల నోటి దగ్గర బుడగల్లో ప్రతి మాటా ఆయన చేతి రాతే.

బొమ్మలన్నీ దాచి ఉంచే సర్వర్ అద్దె చదివేసరికి ఆఫీసు రోడ్డుకు వస్తుంది. కిటికీ అవతల బజ్జీల బండి సత్యవతి వంగి లోపలికి చూస్తుంది.

"ఇక్కడే ఉంటారాండి, ఇంకా దిగుతారా?"

"ఇంకా సగముందండి" అంటాడు ఇలియాజ్, మొహమాటపడుతూ.

"అయితే ఇయి పట్టుకెళ్లండి. కింద దొరకవు."

కిటికీలోంచి పొట్లం అందిస్తుంది. సువర్చల పర్సు తీసే లోపే ఆఫీసు మట్టిలోకి దిగిపోతుంది.

మట్టిలో చల్లగా ఉంటుంది. కిటికీకి ఒకవైపు మంచినీళ్ల గొట్టం, మరోవైపు వేప వేళ్లు. ఇలియాజ్ కంఠం తగ్గించి చదువుతాడు. పేజీలన్నీ స్కాన్ చేయడం, మరకలు తుడవడం, బుడగల్లోని చేతిరాతను ఒక్కొక్కటిగా శుభ్రం చేయడం. ఈ ఆఖరిదే అన్నిటికన్నా బరువని అతనికీ తెలుసు. చేతిరాత తీసేసి కంప్యూటర్ అక్షరాలు పెడితే చాలా కలిసొస్తుందని, సువర్చల ముఖం చూడకుండానే చెబుతాడు.

తాతబ్బాయి గారే ముందు తలూపుతారు. "కొట్టెయ్ బాబూ. బొమ్మలుంటే చాలదూ?"

ఇలియాజ్ ఆ వరస మీద గీత గీస్తాడు. ఆఫీసు హాయిగా పైకి లేస్తుంది. రోడ్డు, ఎండ, దర్జీ మిషను. సువర్చల గట్టిగా ఊపిరి పీల్చుకుంటుంది. అప్పుడు తాతబ్బాయి గారు ఏదో అంటారు. పెదవులు కదులుతాయి గాని మాట వినపడదు. ఆయన గొంతు సవరించుకుని మళ్లీ అంటారు. ఏమీ రాదు. ఆయనకు ఆశ్చర్యం కూడా కలగదు. ఫరవాలేదన్నట్టు చెయ్యి ఊపి, బజ్జీ ఒకటి తీసుకుని, కిటికీ వైపు తిరిగి కూర్చుంటారు.

సువర్చల ఆ వీపును చూస్తుంది. వెలుతురు ఆమె ఒళ్లో బోలెడంత పడి ఉంది.

"మళ్లీ రాయి, ఇలియాజ్."

"దిగిపోతామండి."

"దిగుదాం."

ఇలియాజ్ రాస్తాడు. ఎండ పైకి పోతుంది, రోడ్డు పైకి పోతుంది, వేప వేళ్లు వస్తాయి. ఆ వేళ్ల మధ్యనే తాతబ్బాయి గారి వాక్యం సగంలోంచి వినిపిస్తుంది. "...అలవాటైపోద్దిలే అమ్మా, నువ్వు బెంగెట్టుకోకు."

మొత్తం ఎంతో చెప్పెయ్యమంటుంది సువర్చల. ఇలియాజ్ చెబుతాడు. ఆఫీసు నల్లమట్టి దాటి, ఎర్రమట్టి దాటి, మెత్తటి ఇసుక మీద ఆగుతుంది.

ఆమె భయం కోసం ఎదురు చూస్తుంది. అది రాదు. చెప్పిన అంకె తను మోస్తున్నదానికన్నా చిన్నది. అచ్చు యంత్రం అమ్మితే ముప్పాతిక వంతు సరిపోతుంది. మిగిలినది యాప్ నడవడం మొదలయ్యాక నెమ్మదిగా తీసుకుంటానని ఇలియాజ్ అంటాడు. గుండెల మీది పాత అంకె లేచి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, ఇన్నాళ్లూ ఇబ్బంది పెట్టానని మర్యాదగా చెప్పి, గోడలోకి వెళ్లిపోతుంది. అది ఆడమనిషని సువర్చలకు ఇప్పటిదాకా తెలియదు. ఆమె నవ్వుతుంది. నవ్వి ఎన్నాళ్లయిందో దవడలు నొప్పి పుడతాయి.

తాతబ్బాయి గారు తలుపు తీస్తారు.

బయట గోదావరి అడుగు. నీళ్లు తలల మీద చాలా ఎత్తున, పందిరిలా నిలిచి ఉన్నాయి. లాంచీల పొట్టలు మెల్లగా సాగుతున్నాయి. ఇసుకలో పిల్లలు బాసింపట్టు వేసుకుని, తలలు పైకెత్తి నదిని చదువుతున్నారు. ఎవరూ ఎవరినీ తోసుకోవడం లేదు. ముగ్గురూ చెప్పులు విడిచి వాళ్ల మధ్య కూర్చుంటారు.

ముందు వరసలో ఒక పిల్ల చదవడం ముగిస్తుంది. లేచి, వేలు నాలుకకు తడి చేసుకుని, నది కొసను పట్టుకుని తిప్పుతుంది. నది చప్పుడు లేకుండా అటు పక్కకు ఒరుగుతుంది. దాని కింద ఇంకా రంగు పడని మరో నది ఉంది. పడవలు గీతలుగానే ఉన్నాయి, సూర్యుడు తడి ఆరని సిరాగా ఉన్నాడు. ఆ పిల్ల వేలికి సూర్యుడు అంటుకుంటాడు. ఆమె వేలిని గౌనుకు తుడుచుకుంటుంది.

గౌను మీద తెల్లవారుతుంది.