ముందు ప్లగ్గు పీకండి

పాత కుట్టుమెషిన్లు సొంతంగా బాగుచేసుకునేవాళ్ల మెయిల్ గ్రూపు అది. అందులో బస్సు బాబాయి అంటే తెలియనివాళ్లు లేరు. ఉద్యోగమంతా సిటీ బస్సు నడిపి, రిటైరయ్యాక భార్య మూలన పడేసిన మెషిన్ని సరదాగా విప్పి బిగించాడు. అక్కణ్నుంచి ఆ పిచ్చి పట్టుకుంది. ఇప్పుడు వాళ్ల ముందుగదిలో సోఫా ఉండాల్సిన చోట మెషిన్లున్నాయి. వచ్చిన చుట్టాలు స్టూళ్ల మీద సర్దుకుంటారు.

ఎవరు ఏ సందేహం అడిగినా విసుక్కోకుండా జవాబిస్తాడని ఆయనకు మంచి పేరు. దానికి తోడు ఒక చెడ్డపేరూ ఉంది. జవాబు రాద్దామని బటన్ నొక్కగానే అంతకుముందు అందరూ రాసిన మెయిళ్లన్నీ వాటంతటవే వచ్చి పైన కూర్చుంటాయి కదా. మిగతావాళ్లు అవసరమైన ముక్క ఉంచుకుని మిగిలింది తీసేస్తారు. ఈయన మాత్రం ఒక్క అక్షరం కూడా కదపడు. ఎవరెవరి నమస్కారాలో, సంతకాలో, ధన్యవాదాలో అన్నీ దాటుకుంటూ అట్టడుగుకి పోతే అక్కడ ఈయన రెండు వాక్యాలు దొరుకుతాయి.

గ్రూపు నడిపే ఆవిడ ఒక కాలేజీలో లైబ్రేరియన్. అందరూ లైబ్రరీ మేడమ్ అంటారు. ఓపిక నశించి ఒకరోజు ఆవిడ అందరికీ కనిపించేలాగే రాసేసింది: "బాబాయిగారూ, మీ బస్సు చూస్తే బెత్తెడు, తగిలించిన బోగీలు చాంతాడంత. కాస్త కత్తిరించి పంపుదురూ!"

దాని కింద నవ్వు బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి. బాబాయికి మొహం మాడిపోయింది.

"చూశావటోయ్, ఎక్కినవాళ్లని మధ్యదారిలో దింపెయ్యమంటోంది ఆవిడ," అన్నాడు భార్యతో. "ఒకళ్లు చెప్పిన మాట మనం తుంచెయ్యడం మర్యాదేనా?"

ఆవిడ సూదిలోకి దారం ఎక్కిస్తూ తలెత్తలేదు. "దిగాల్సిన స్టాపు వచ్చినా దింపకపోతే అది మర్యాదేనా?"

ఇంట్లో కూడా తన పక్షాన ఎవరూ లేరని తేలిపోయింది. సరే, కత్తిరించమంటే కత్తిరిస్తాను, నా సొమ్మేం పోయింది అనుకున్నాడు.

ఆ మర్నాడే కర్టెన్లమ్మాయి మెయిల్ వచ్చింది. వేరే ఊళ్లో ఇంటిపట్టునే కర్టెన్లు కుట్టే మనిషి. తరచూ సందేహాలడుగుతుంది. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకోలేదు గానీ, ఆ పిల్ల "బాబాయ్" అని మొదలుపెట్టిందంటే ఈయనకు సొంత అన్న కూతురు పిలిచినట్టే ఉంటుంది. ఒక స్కూలు స్టేజీకి తెర కుడుతుంటే, కరెంటు మోటారు బిగించిన మెషిన్ కుట్లు తప్పుతోందట, అడుగున దారం ఉండలు కడుతోందట.

మోటార్లు బాగుచేసే ఒకాయన వెంటనే జవాబిచ్చాడు: "ముందు ప్లగ్గు పీకండి. ఉత్తి స్విచ్ కట్టేస్తే చాలదు. ఆ తర్వాతే కింది మూత విప్పి, లోపల వేలు పెట్టి దారం ముక్కలు లాగేయండి."

బాబాయి అది చదివి, అవును కదా అనుకుని, జవాబు రాయడానికి కూర్చున్నాడు. నిన్నటి మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. పైనున్నదంతా కసిగా చెరిపేసుకుంటూ వచ్చాడు. నమస్కారాలు పోయాయి, సంతకాలు పోయాయి, మోటార్లాయన రాసిన మొదటి రెండు వాక్యాలూ, వాటితోపాటు 'ఆ తర్వాతే' అన్న మాటా పోయాయి. "కింది మూత విప్పి, లోపల వేలు పెట్టి దారం ముక్కలు లాగేయండి" అన్న ఒక్క ముక్క మిగిలింది. దాని కింద, "ఇదే సరైన పద్ధతి. నేనూ ఇలాగే చేస్తాను" అని రాసి పంపేశాడు. ఇంత పొట్టి జవాబు జన్మలో రాయలేదని కొంచెం గర్వపడ్డాడు కూడా.

కాసేపటికి ఆ అమ్మాయి నుంచి రెండు ముక్కలు వచ్చాయి: "పాత మెయిళ్లు చదవలేదు బాబాయ్, మీది ఒక్కటే చూశాను. ఇప్పుడే మూత విప్పుతున్నా."

బాబాయి తను పంపింది మళ్లీ చదువుకున్నాడు. ప్లగ్గు మాట అందులో లేదు. వేలు లోపలుండగా కాలు పొరపాటున పెడల్ మీద పడితే? సూది వేల్లోకి దిగిపోతుంది. కరెంటు సంగతి ఇక చెప్పక్కర్లేదు.

"ఆగు తల్లీ, ముందు ప్లగ్గు పీకు" అని మెయిలైతే కొట్టాడు గానీ, చేతులు లోపల పెట్టుకున్న మనిషి మెయిల్ చూస్తుందా? లైబ్రరీ మేడమ్ నంబరు గ్రూపు మొదటి పేజీలోనే ఉంది. పౌరుషం పక్కన పెట్టి ఆవిడకి ఫోన్ చేశాడు.

"అమ్మా, నేను బస్సు బాబాయిని. ఆ కర్టెన్లమ్మాయి నంబరు కావాలి. తొందరగా!"

ఆయన గొంతు విని ఆవిడ మారు ప్రశ్న వెయ్యలేదు. నంబరు వెతికి చెప్పింది. ఫోన్ మోగింది, మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. భార్య కుట్టు వదిలేసి వచ్చి ఆయన భుజం పట్టుకుని నిలబడింది. మూడోసారికి ఎత్తారు.

"ఎవరండీ? చేతులనిండా నూనె..."

"అమ్మాయ్! నేను బస్సు బాబాయిని. వేళ్లు బాగున్నాయా?"

"అయ్యో బాబాయ్, మీరా! వేళ్లకేమైంది? బాగానే ఉన్నాయే!"

"ప్లగ్గు పీకావా?"

"నా ఒళ్లోనే ఉంది."

"ఒళ్లోనా!"

"స్విచ్ కట్టేసి ఉందో లేదో నాకు కనపడదు కదా బాబాయ్. అందుకని మూత విప్పేముందు ప్లగ్గు పీకి ఒళ్లో వేసుకుంటా. అది చేతికి తగిలితేనే వేలు లోపల పెడతా."

బాబాయి పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. పోయిన ప్రాణం లేచొచ్చింది. భార్యకేసి చూసి, పరవాలేదన్నట్టు చెయ్యి ఊపాడు. అప్పటికి గానీ ఆ పిల్ల అన్న మాట పూర్తిగా బుర్రకెక్కలేదు.

"కనపడదా? మరి మెయిళ్లన్నీ ఎలా చదువుతున్నావు తల్లీ?"

"కంప్యూటరు చదివి వినిపిస్తుంది. కాకపోతే అది మొదట్నుంచీ చదువుతుంది. మీ జవాబు వినాలంటే ముందు ఊరందరి మాటలూ వినాలి. పాత లైనని తెలిసేలా ప్రతిదాని ముందూ ఒక గుర్తు పడుతుంది కదా, దాన్నీ వదలకుండా 'బాణం గుర్తు, బాణం గుర్తు, బాణం గుర్తు' అంటుంది. మీ దగ్గరికొచ్చేసరికి నాకు కునుకొచ్చేస్తుంది బాబాయ్!"

ఆయన పగలబడి నవ్వాడు. నవ్వుతుంటేనే కళ్లు చెమ్మగిల్లాయి. "మరి ఇన్నాళ్లూ ఒక్క మాట అనలేదేం?"

"నేనేం అడిగినా తప్పకుండా జవాబిచ్చేది మీరొక్కరే. చెబితే ఏమనుకుంటారో, రాయడం మానేస్తారేమోనని."

"మానెయ్యడమా! నిన్న కత్తిరించమన్నారని ఉక్రోషంతో ఇవాళ ప్రాణం మీదికి తెచ్చాను. ఉంచితే ఒక తంటా, తీస్తే ఒక తంటా. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు."

"మీరు దేనికి జవాబిస్తున్నారో ఆ ముక్క ఉంచండి చాలు. ముందూ వెనకా లేకపోతే అర్థం మారిపోయేట్టుంటే అది కూడా ఉంచండి. మిగతావాళ్లని ఇంటికి పంపించెయ్యండి. వాళ్లేం అనుకోరు."

ఆ సాయంత్రమే బాబాయి గ్రూపుకి రాశాడు. మోటార్లాయన చెప్పిన వాక్యాలన్నీ పైన పెట్టి, కింద తన మాట: "మొదటి రెండు వాక్యాలు చెరిపేసింది నేనే. తప్పు నాది. అదృష్టం కొద్దీ ఆ అమ్మాయి ముందే ప్లగ్గు పీకింది. ప్లగ్గు పీకకుండా ఎవరూ మూత ముట్టుకోకండి." అడుగున ఇంకెవరి సంతకమూ లేదు.

మోటార్లాయన, "వేళ్లు దక్కాయి, అదే పదివేలు" అన్నాడు. లైబ్రరీ మేడమ్ అందరిలో ఏమీ అనకుండా విడిగా ఫోన్ చేసింది.

"అంతమందిలో ఎగతాళి చేశాను బాబాయిగారూ. ఇలా ఫోన్ చేసి చెప్పాల్సిన మాట. మీరు గ్రూపు వదిలేస్తారేమోనని నిన్నట్నుంచీ బెంగగానే ఉంది."

"వదిలి ఎక్కడికి పోతానమ్మా? ఇంట్లో అయితే మీకన్నా ఘాటుగా చురకలేస్తారు," అన్నాడాయన. ఆవిడ హాయిగా నవ్వేసింది.

రెండ్రోజుల తర్వాత కర్టెన్లమ్మాయి తనే ఫోన్ చేసింది. "బాబాయ్, ఒక్క నిమిషం వినండి" అని ఫోన్ మెషిన్ పక్కన పెట్టింది. బరువైన తెర గుడ్డ మీద సూది ఎక్కడా తడబడకుండా టకటకా పరుగెత్తుతోంది. బాబాయి స్పీకర్ నొక్కి భార్యకేసి పట్టుకున్నాడు. ఆవిడ చెవి ఒగ్గి వింది.

"బాగుంది," అంది. "స్టూళ్లు కాస్త జరపండి, నేనూ కూర్చుని వింటాను."